భద్రతా మండలిలో శాశ్వత స్థానం: పని ఏ మెట్టు దగ్గర ఆగుతోంది?

#1 గౌతమీతీరం

విదేశీ నాయకుడెవరైనా ఢిల్లీ వచ్చి వెళ్తే సంయుక్త ప్రకటనలో ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది: సంస్కరించిన భద్రతా మండలిలో భారత్ శాశ్వత సభ్యత్వానికి మా మద్దతు అని. మర్నాడు పేపర్లో అదే హెడ్డింగు. ఒబామా 2010 నవంబరులో మన పార్లమెంటులోనే నిలబడి చెప్పాడు. ఫ్రాన్స్, బ్రిటన్, రష్యా ఎన్నిసార్లు చెప్పాయో లెక్కలేదు. మండలిలోని అయిదు శాశ్వత సభ్యదేశాల్లో నాలుగు మన వైపే ఉంటే మరి పని ఎక్కడ ఆగింది? అడ్డం ఒక్క చైనాయేనా?

ఐరాస చార్టర్ చదివినవాళ్ళు ఏ మెట్టులో ఏం జరగాలో, ఎక్కడ దెబ్బతింటోందో వివరంగా రాస్తే బాగుంటుంది. గ్రూప్-1కీ సివిల్స్‌కీ చదువుతున్న పిల్లలు చాలామంది ఈ వేదిక చూస్తారు. పార్టీల తగవు మాత్రం ఇక్కడికి తేవద్దని మనవి.

#2 ఓరుగల్లు మాస్టారు

గౌతమీతీరం గారూ, చైనా అడ్డు చివరి మెట్టులో వస్తుంది. మనం ఇంకా మొదటి మెట్టే ఎక్కలేదు.

చార్టర్ 23వ అధికరణలో అయిదు శాశ్వత సభ్యదేశాల పేర్లు అచ్చంగా రాసి ఉన్నాయి. కాబట్టి శాశ్వత స్థానం ఎన్నికలో గెలిస్తే వచ్చేది కాదు, ఎవరో ఇస్తే పుచ్చుకునేదీ కాదు. చార్టర్‌నే సవరించాలి. సవరణ దారి 108వ అధికరణలో ఉంది. అందులో రెండు భాగాలు.

మొదటిది, సర్వప్రతినిధి సభ మొత్తం సభ్యుల్లో మూడింట రెండు వంతుల మంది ఔనని ఓటెయ్యాలి. హాజరై ఓటేసినవాళ్ళలో కాదు, మొత్తం సభ్యుల్లో. 193 దేశాలకు 129 ఓట్లు. ఇక్కడ తటస్థంగా ఉన్నా, ఆ రోజు హాల్లోకి రాకపోయినా వ్యతిరేకంగా ఓటేసినట్టే లెక్క. మామూలు తీర్మానాల్లో తటస్థ ఓట్లు లెక్కలోకి రావు కాబట్టి ఈ తేడాను చాలామంది గమనించరు.

రెండోది ధ్రువీకరణ. సభలో నెగ్గిన సవరణను మళ్ళీ మూడింట రెండు వంతుల దేశాలు తమ తమ రాజ్యాంగ పద్ధతిలో ధ్రువీకరించాలి. ఆ 129లో అయిదు శాశ్వత సభ్యదేశాలూ ఉండి తీరాలి. ఒక్కటి సంతకం పెట్టకపోయినా సవరణ అమల్లోకి రాదు. దీనికి గడువు కూడా లేదు.

మొదటి భాగంలో ఎవరికీ వీటో లేదని గుర్తుంచుకోండి. ఐదుగురూ కాదన్నా 129 వస్తే సవరణ సభలో నెగ్గుతుంది. వీటోలాంటిది రెండో భాగంలోనే ఉంది. భారత్ విషయం ఈ మొదటి భాగం దాకా కూడా ఇంతవరకు రాలేదు. ముసాయిదాలు వచ్చాయి గానీ ఓటింగు జరగలేదు.

#3 సిక్కోలు శ్రీను

మాస్టారూ, సభలో కాదన్న పెద్ద దేశం తర్వాత ధ్రువీకరణ దగ్గర ఎందుకు ఒప్పుకుంటుంది? అది జరిగే పనేనా?

#4 ఓరుగల్లు మాస్టారు

ఒకసారి జరిగింది. మండలిని విస్తరించింది కూడా ఆ ఒక్కసారే.

మొదట్లో మండలిలో 11 మంది ఉండేవారు, అయిదుగురు శాశ్వతం, ఆరుగురు తాత్కాలికం. 1963 డిసెంబరు 17న సభ 1991-ఎ తీర్మానం చేసింది. తాత్కాలిక స్థానాలు ఆరు నుంచి పదికి, తీర్మానం నెగ్గడానికి కావాల్సిన ఓట్లు ఏడు నుంచి తొమ్మిదికి పెరిగాయి. అనుకూలం 97, వ్యతిరేకం 11, తటస్థం 4. శాశ్వత సభ్యుల్లో ఔనన్నది అప్పట్లో చైనా స్థానంలో ఉన్న తైవాన్ ప్రభుత్వం ఒక్కటే. ఫ్రాన్స్, సోవియట్ యూనియన్ వ్యతిరేకించాయి. అమెరికా, బ్రిటన్ తటస్థం.

అయినా 1965 ఆగస్టు 31 నాటికి అయిదూ ధ్రువీకరించాయి, సవరణ అమల్లోకి వచ్చింది. 1945లో 51 మందితో మొదలైన ఐరాసలో అప్పటికి ఆసియా, ఆఫ్రికా కొత్త దేశాలదే పైచేయి. స్నేహం కోసం అమెరికా, సోవియట్ రెండూ పోటీ పడుతున్నది ఆ దేశాలతోనే. అంతమందిని కాదని ఒంటరిగా నిలబడే ధైర్యం ఎవరూ చేయలేకపోయారు.

అందుకే ముందు 129 ఓట్లు తెచ్చుకుని, ఆ బరువుతో ఐదుగురినీ ఒప్పించాలన్నది మన దౌత్యవేత్తల పాత ఆలోచన. ఆలోచనలో తప్పులేదు. కానీ 1963లో పెంచింది తాత్కాలిక స్థానాలు మాత్రమే. ఎవరి పేరూ ఎక్కించలేదు, ఎవరి వీటో జోలికీ పోలేదు. ఇప్పుడు రెండూ చెయ్యాలి.

#5 బందరు వకీలు

మాస్టారు చెప్పినదానికి ఇంకొకటి కలపాలి. 1998 నవంబరు 23 నాటి 53/30 తీర్మానం గురించి మన పేపర్లలో రానే రాదు.

1997 మార్చిలో సభాధ్యక్షుడు, మలేసియాకు చెందిన రజాలీ ఇస్మాయిల్ ఒక ప్రణాళిక పెట్టాడు. కొత్తగా అయిదు శాశ్వత స్థానాలు: పారిశ్రామిక దేశాలకు రెండు, ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికాలకు ఒక్కొక్కటి. ఇంకో నాలుగు తాత్కాలిక స్థానాలు. మొత్తం 24. అందులోని కిటుకు దశల విభజన. ముందు ఏ పేరూ లేని చట్రం తీర్మానం, తర్వాత దేశాల ఎన్నిక, చివర చార్టర్ సవరణ. చట్రం తీర్మానం చార్టర్ సవరణ కాదు కాబట్టి 108వ అధికరణ దానికి వర్తించదు, హాజరై ఓటేసినవాళ్ళలో మూడింట రెండొంతులు చాలు అన్న వాదనకు అక్కడ వీలుండేది.

ఆ వీలును మూసింది 53/30. మండలి విస్తరణపై ఏ తీర్మానానికైనా, ఏ నిర్ణయానికైనా మొత్తం సభ్యుల్లో మూడింట రెండొంతులు ఉండాల్సిందేనని సభే తీర్మానించుకుంది. దీని వెనక ఉన్నది ఇటలీ నడిపిన కాఫీ క్లబ్, అంటే కొత్త శాశ్వత స్థానాలు వద్దనే దేశాల గుంపు. అంటే పేర్లు లేని తొలి కాగితానికి కూడా ఇవాళ 129 కావాలి.

#6 మంచుపల్లె

ఆ కాఫీ క్లబ్ పేరు ఇప్పుడు 'ఏకాభిప్రాయ కూటమి'. ఇటలీ, పాకిస్తాన్, దక్షిణ కొరియా, మెక్సికో, అర్జెంటీనా, స్పెయిన్, కెనడా, టర్కీ, కొలంబియా, కోస్టారికా, మాల్టా, శాన్ మారినో. పన్నెండు. ఎవరు ఎవరికి అడ్డో పేర్లు చూస్తేనే తెలుస్తుంది: జర్మనీకి ఇటలీ, మనకు పాకిస్తాన్, జపాన్‌కు కొరియా, బ్రెజిల్‌కు అర్జెంటీనా, మెక్సికో.

అయితే వీళ్ళను ఈర్ష్యాపరులని కొట్టిపారేయకండి. వాళ్ళ వాదనలో పస ఉంది. ఐరాసలో యాభైకి పైగా దేశాలు ఒక్కసారి కూడా మండలిలో కూర్చోలేదు. చార్టర్ ప్రకారం తాత్కాలిక సభ్యదేశం రెండేళ్ళు కాగానే దిగిపోవాలి, వెంటనే మళ్ళీ పోటీ చెయ్యకూడదు. కొత్తగా ఆరుగురిని శాశ్వతంగా కూర్చోబెడితే మిగిలినవాళ్ళకు ఒరిగేదేమిటని వీళ్ళు అడుగుతారు. 2005లో వీళ్ళు పెట్టిన ముసాయిదాలో కొత్త శాశ్వత స్థానాలు సున్నా, కొత్త ఎన్నికల స్థానాలు పది, వెంటనే తిరిగి ఎన్నికయ్యే వీలు కూడా ఉంది. చిన్న దేశాల చెవికి అది ఇంపుగానే ఉంటుంది. కెనడాలో ఉన్న మనవాళ్ళు ఒట్టావా వైఖరిని భారత్ మీద కోపంగా చూస్తారు, అది సరికాదు. ఆ వైఖరి తొంభైల నుంచీ ఉన్నదే.

#7 చౌరస్తా

2005లో దగ్గర్దాకా పోయిందంటరు గదా, అప్పుడేమైంది? ఎవరన్నా లెక్కలతో చెప్పండి అన్నా.

#8 ఓరుగల్లు మాస్టారు

చౌరస్తా తమ్ముడూ, మొత్తం వ్యవహారానికి అదే గుండెకాయ. కొంచెం పొడుగ్గా రాస్తాను.

2004 డిసెంబరులో అప్పటి ఐరాస ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ వేసిన ఉన్నతస్థాయి బృందం రెండు నమూనాలు ఇచ్చింది. 'ఎ' నమూనాలో వీటో లేని ఆరు కొత్త శాశ్వత స్థానాలు, మూడు తాత్కాలికం. 'బి' నమూనాలో కొత్త శాశ్వత స్థానాలే లేవు. నాలుగేళ్ళ కాలపరిమితితో, మళ్ళీ ఎన్నికయ్యే వీలున్న ఎనిమిది స్థానాలు, ఒక రెండేళ్ళ స్థానం. రెండిట్లోనూ మొత్తం 24.

2005 జులైలో భారత్, బ్రెజిల్, జర్మనీ, జపాన్ కలిసి, అంటే జి-4, ఎల్.64 ముసాయిదా దాఖలు చేశాయి. ఆరు శాశ్వత స్థానాలు: ఆఫ్రికాకు రెండు, ఆసియాకు రెండు, లాటిన్ అమెరికాకు ఒకటి, పశ్చిమ యూరప్ గుంపుకు ఒకటి. నాలుగు తాత్కాలికం. మొత్తం 25. నెగ్గడానికి 14 ఓట్లు. కొత్తవాళ్ళు వీటో వాడరు, పదిహేనేళ్ళ తర్వాత సమీక్షలో దాని సంగతి తేల్చుకుంటారు. దేశాల పేర్లు రాయలేదు, తర్వాత సభలో రహస్య ఓటింగుతో ఎన్నుకోవాలి.

అప్పటికి ఐరాసలో 191 దేశాలు, కావాల్సినవి 128. ఆఫ్రికా మొత్తంగా కలిసొస్తే దాటిపోయేది. కానీ అదే ఏడాది మార్చిలో ఆఫ్రికా దేశాలు ఎజుల్విని ఒప్పందానికి వచ్చేశాయి: ఆఫ్రికాకు రెండు శాశ్వత స్థానాలు, వాటికి వీటో, మొత్తం అయిదు తాత్కాలిక స్థానాలు. జి-4 వాళ్ళతో రాజీకి ప్రయత్నించింది. ఆగస్టు 4న అడిస్ అబాబాలో జరిగిన ఆఫ్రికన్ యూనియన్ సమావేశం వీటో పట్టు వదలడానికి ఒప్పుకోలేదు. ఇంకోవైపు చైనా, అమెరికా కలిసి ఎల్.64ను అడ్డుకోవడానికి పూనుకున్నాయి, చైనా జపాన్‌ను రానివ్వకూడదని, అమెరికా ఇంత పెద్ద మండలి వద్దని. ఓడిపోయే ఓటింగు పెట్టడం కన్నా పెట్టకపోవడమే నయమని జి-4 ఆగింది. 2006 జనవరిలో మళ్ళీ ముసాయిదా పెట్టినప్పుడు జపాన్ పక్కకు తప్పుకుంది, భారత్, బ్రెజిల్, జర్మనీ మూడే మిగిలాయి.

ఇప్పటి లెక్క చూడండి. ఐరాసలో ఆఫ్రికా దేశాలు 54. వాళ్ళు పక్కన నిలబడితే మిగిలేది 139. మంచుపల్లె గారు చెప్పిన పన్నెండును తీసేస్తే 127. కావాల్సింది 129. చైనా వెంట పోయే దేశాల్ని ఇంకా లెక్కలోకి తీసుకోలేదు. ఆఫ్రికా లేకుండా ఈ పని కాదు, అది కూడికలు తీసివేతలతో తేలిపోయే విషయం.

#9 గౌతమీతీరం

ఇది ఎక్కడా ఇంత స్పష్టంగా చదవలేదు. మరి ఆఫ్రికా వీటో విషయంలో అంత పట్టుగా ఎందుకుంది? వీటో మంచిది కాదని వాళ్ళే అంటారు కదా?

#10 బందరు వకీలు

వాళ్ళ మాట ఒకదానికొకటి విరుద్ధమేమీ కాదండీ. వీటో పూర్తిగా రద్దు కావాలన్నది వాళ్ళ మొదటి కోరిక. అది ఉన్నంతకాలం కొత్త శాశ్వత సభ్యులకూ ఉండాలి, లేకపోతే శాశ్వత సభ్యుల్లోనే మొదటి తరగతి, రెండో తరగతి ఏర్పడతాయన్నది రెండోది. 1945లో ఐరాస పుట్టినప్పుడు ఆఫ్రికాలో చాలా భాగం వలస పాలనలో ఉంది. మళ్ళీ తక్కువ స్థాయి కుర్చీ పుచ్చుకోమంటే వాళ్ళకు కష్టంగానే ఉంటుంది. నాకైతే ఆ పట్టు న్యాయంగానే కనిపిస్తుంది.

ఇంకో చిక్కు వాళ్ళ ఇంట్లోనే ఉంది. ఆ రెండు స్థానాలు ఎవరికి? నైజీరియా, దక్షిణాఫ్రికా, ఈజిప్టు మూడూ అర్హులమంటాయి. ఆఫ్రికన్ యూనియనే ఎంపిక చేస్తుందని ఎజుల్విని చెబుతుంది, ఎంపిక మాత్రం జరగలేదు. వాళ్ళ తరఫున మాట్లాడేది సియెర్రా లియోన్ సమన్వయంలోని పది దేశాల సంఘం. ఉమ్మడి మాట నుంచి అంగుళం జరగాలన్నా దేశాధినేతల సమావేశం దాకా పోవాలి. బేరసారాలకు ఆ నిర్మాణం అనుకూలం కాదు.

2024 సెప్టెంబరులో అమెరికా ఆఫ్రికాకు రెండు శాశ్వత స్థానాలు ఇవ్వడానికి ఒప్పుకుంది, వీటో మాత్రం లేకుండా. అంటే 2005లో బేరం తెగిన చోటికే వచ్చి నిలబడింది.

#11 సిక్కోలు శ్రీను

వీటో లేకపోతే ఆ కుర్చీ దేనికండీ? ఎనిమిదిసార్లు తాత్కాలికంగా కూర్చున్నాం. 2020 ఎన్నికలో 192 ఓట్లలో 184 వచ్చాయి. పేరులో తప్ప తేడా ఏముంది?

#12 బందరు వకీలు

తేడా చాలా ఉంది శ్రీను గారూ.

వీటో అన్న మాటే చార్టర్‌లో లేదు. 27వ అధికరణ మూడో పేరాలో "శాశ్వత సభ్యుల సమ్మతి ఓట్లతో సహా" తొమ్మిది ఓట్లు అని ఉంటుంది. 23వ అధికరణలో కొత్త పేరు చేర్చి 27ను ముట్టుకోకపోతే కొత్తవాళ్ళకు వీటో దానంతట అదే వచ్చేస్తుంది! అందుకే వీటో ఇవ్వకూడదంటే సవరణలో ప్రత్యేకంగా ఒక వాక్యం రాయాలి. ఎల్.64లో పదిహేనేళ్ళ వాక్యం అలా వచ్చిందే. కొత్త సభ్యుల వీటో మీద జరిగే గొడవంతా ఆ ఒక్క వాక్యం ఎలా రాయాలన్నదాని చుట్టూనే.

ఇక వీటో లేని శాశ్వత స్థానం విలువ రోజువారీ పనిలో తెలుస్తుంది. మండలి కింద ఉండే ఆంక్షల కమిటీలు ఏకాభిప్రాయంతో నడుస్తాయి. అక్కడ పదిహేను మందిలో ఎవరైనా 'హోల్డ్' పెట్టి ఒక పేరును ఆపవచ్చు. జైషే మహమ్మద్ నాయకుడు మసూద్ అజర్ పేరును ఉగ్రవాదులపై ఆంక్షలు చూసే 1267 కమిటీలో చైనా ఏళ్ళ తరబడి ఆపింది ఇలాగే, 2019 మే 1న గానీ అది జాబితాలోకి ఎక్కలేదు. తాత్కాలిక సభ్యదేశమూ హోల్డ్ పెట్టవచ్చు, కానీ దాని రెండేళ్ళు ముగిసిన రోజే ఆ హోల్డ్ కూడా పోతుంది. అవతలివాళ్ళు డిసెంబరు 31 దాకా ఓపిక పడితే చాలు. 2021, 22లలో భారత్ తాలిబాన్ ఆంక్షల కమిటీకీ, లిబియా కమిటీకీ అధ్యక్షత వహించింది, 2022లో ఉగ్రవాద నిరోధక కమిటీకి కూడా. జనవరి 1 రాగానే ఆ కుర్చీలన్నీ ఖాళీ.

తీర్మానాల తొలి ముసాయిదా రాసే పని కూడా అంతే. దేశాలవారీగా ఆ కలం ఎక్కువగా బ్రిటన్, ఫ్రాన్స్, అమెరికాల చేతిలోనే ఉంటుంది. ఏ మాట ఎందుకు వాడారో, ఐదేళ్ళ కిందట ఎవరికి ఏం హామీ ఇచ్చారో వాళ్ళ ఫైళ్ళలో ఉంటుంది. రెండేళ్ళ కోసం వచ్చిపోయే దేశం ఆ ఫైలు చదివేసరికే ఆరు నెలలు పోతాయి.

#13 మంచుపల్లె

వకీలు గారితో సగం ఏకీభవిస్తాను. వీటో లేని స్థానానికి 'సరే' అంటే పదిహేనేళ్ళ సమీక్ష ఒక మర్యాద మాటగా మిగిలిపోతుంది. సమీక్ష తర్వాత వీటో ఇవ్వాలన్నా మళ్ళీ 108వ అధికరణే, మళ్ళీ అయిదుగురి సంతకాలే. ఒకసారి లోపలికి వెళ్ళాక బయటి 129 మందిని కూడగట్టడానికి మనకున్న నైతిక బలం తగ్గుతుంది.

చార్టర్‌లో కాలం చెల్లిన మాటల్ని తీసేయడం కూడా ఎంత కష్టమో చూడండి. 53, 77, 107 అధికరణల్లో 'శత్రు దేశాలు' అన్న ప్రస్తావన ఇంకా ఉంది, అంటే రెండో ప్రపంచ యుద్ధంలో ఓడిన జపాన్, జర్మనీల వంటివి. 2005 ప్రపంచ శిఖరాగ్ర సమావేశంలో దేశాధినేతలందరూ దాన్ని తొలగించాలని నిశ్చయించారు. ఎవరికీ అభ్యంతరం లేదు. అయినా ఆ మాటలు అలాగే ఉన్నాయి, ఎందుకంటే తీసేయాలంటే చార్టర్ పెట్టె తెరవాలి, తెరిస్తే మండలి విషయం కూడా బయటికొస్తుంది. అందరూ ఒప్పుకున్నదానికే ఇలా ఉంటే, 'తర్వాత ఇస్తాం' అన్న వీటో సంగతి ఊహించుకోండి.

#14 బందరు వకీలు

మీ భయం నిజమైనదే. కానీ లోపల వీటో లేకుండా కూర్చోవడానికీ, బయట వీటో లేకుండా నిలబడడానికీ మధ్య ఎంచుకోమంటే నేను లోపలే అంటాను. ఇక్కడ మనకు కుదరదు, వదిలేద్దాం.

#15 చౌరస్తా

ఓ డౌటు. 1971ల తైవాన్ పోయి బీజింగ్ వచ్చింది. 1991ల సోవియట్ పోయి రష్యా వచ్చింది. అప్పుడు చార్టర్ సవరణ జరగలే గదా? మనకు ఆ దారి లేదా?

#16 ఓరుగల్లు మాస్టారు

లేదు తమ్ముడూ. ఆ రెండిట్లో కొత్త స్థానం పుట్టలేదు. ఉన్న స్థానంలో ఎవరు కూర్చోవాలన్నదే ప్రశ్న. 1971 అక్టోబరు 25న 2758 తీర్మానం చైనాకు అసలు ప్రతినిధులు ఎవరో తేల్చింది, 76 ఓట్లు అనుకూలం, 35 వ్యతిరేకం, 17 తటస్థం. 1991 డిసెంబరులో యెల్త్సిన్ ఒక ఉత్తరం రాశాడు, సోవియట్ స్థానంలో రష్యా కొనసాగుతుందని. ఎవరూ గట్టిగా ఎదురు చెప్పలేదు. 23వ అధికరణ తెరిచి చూస్తే ఇవాళ్టికీ 'రిపబ్లిక్ ఆఫ్ చైనా', 'సోవియట్ సోషలిస్టు రిపబ్లిక్కుల యూనియన్' అనే ఉంటుంది.

శాశ్వత స్థానం ఇస్తామంటే నెహ్రూ వద్దన్నాడన్న కథకు జవాబు కూడా ఇందులోనే ఉంది. 1950లో అమెరికా వైపు నుంచి, 1955లో సోవియట్ ప్రధాని బుల్గానిన్ నుంచి కదిలించి చూసిన మాటలు వచ్చిన సంగతి రికార్డుల్లో ఉంది. నెహ్రూ చైనాకు రావాల్సిన స్థానం ముందు తేలాలన్నాడు. 1955 సెప్టెంబరు 27న లోక్‌సభలో, లాంఛనంగా గానీ అలాంఛనంగా గానీ అలాంటి ప్రతిపాదన రాలేదని చెప్పాడు. ఆయన నిర్ణయం మంచిదా కాదా అన్నది వేరే చర్చ. ఆరో స్థానానికి అప్పుడైనా చార్టర్ సవరణ కావాలి. చైనా స్థానమే భారత్‌కు ఇవ్వాలన్నా 23వ అధికరణలో పేరు మార్చాలి, దానికి అప్పుడు ఆ కుర్చీలో ఉన్న తైవాన్ ప్రభుత్వమే సంతకం పెట్టాలి. పళ్ళెంలో పెట్టి ఇచ్చిన సీటు కాదది.

#17 గౌతమీతీరం

అలాగే ఖర్చు సంగతి. శాశ్వత సభ్యులు ఎక్కువ కట్టాలంటారు, ఎంత ఎక్కువ?

#18 సిక్కోలు శ్రీను

ఇది నేను చెబుతాను. ఐరాసకు రెండు ఖాతాలు. మామూలు బడ్జెట్‌లో శాశ్వత సభ్యత్వంతో సంబంధం లేదు, ఆదాయాన్ని బట్టి వాటా. 2022–24 లెక్కలో అమెరికా 22 శాతం, చైనా 15.254, జపాన్ 8.033, జర్మనీ 6.111, భారత్ 1.044, రష్యా 1.866. అంటే కుర్చీ లేని జపాన్, జర్మనీలు ఆ మూడేళ్ళూ రష్యా కన్నా మూడు నాలుగు రెట్లు కట్టాయి. వాళ్ళ వాదనకు అదే పునాది.

శాంతి పరిరక్షణ ఖాతా లెక్క వేరు. అక్కడ పేద, మధ్యాదాయ దేశాలకు రాయితీ ఇస్తారు, ఆ తగ్గిన మొత్తాన్ని అయిదుగురు శాశ్వత సభ్యులు తమ వాటాలకు కలుపుకుని భరిస్తారు. అందుకే 2022–24లో అమెరికా వాటా 22 నుంచి దాదాపు 27 శాతానికి పెరిగింది. భారత్‌కు 80 శాతం రాయితీ, కాబట్టి అప్పటి 1.044 కాస్తా 0.2088 అయింది. శాశ్వత సభ్యదేశమైతే రాయితీ పోతుంది, పైన అదనపు భారం పడుతుంది. తక్కువలో తక్కువ అయిదు రెట్లు. అయినా మన ఆర్థిక వ్యవస్థకు అది మోయలేని మొత్తమేమీ కాదు. సైనికుల రూపంలో భారత్ పెట్టిన పెట్టుబడి ఇంతకన్నా చాలా పెద్దది, ఇప్పటిదాకా 2,90,000 మందికి పైగా ఈ దళాల్లో పనిచేశారు.

#19 మంచుపల్లె

అసలు ఇవాళ న్యూయార్క్‌లో ఏం జరుగుతోందో కూడా చెప్పాలి. 2009 ఫిబ్రవరిలో మొదలైన అంతర్ ప్రభుత్వ సంప్రదింపులే ఇప్పటి వేదిక. అయిదు అంశాలు: సభ్యత్వ తరగతులు, వీటో, ప్రాంతీయ ప్రాతినిధ్యం, మండలి పరిమాణం పనితీరు, సర్వప్రతినిధి సభతో సంబంధం. ఏటా కొన్ని నెలలు కూర్చుంటారు, మాట్లాడతారు, సభాకాలం ముగిసేముందు వచ్చే ఏడాదికి వాయిదా వేస్తూ నిర్ణయం చేస్తారు. మళ్ళీ అవే ప్రసంగాలు.

లోపమేమిటంటే ఈ వేదికకు లిఖిత నియమాలు లేవు, అందరూ కలిసి దిద్దుకునే ముసాయిదా లేదు. ఏ ఒప్పందమైనా బ్రాకెట్లున్న కాగితం మీదే పుడుతుంది: ఒప్పుకున్న మాటలు బయట, ఒప్పుకోనివి బ్రాకెట్లలో, ఏ మాట ఏ దేశానిదో పక్కనే దాని పేరు. 2015లో జమైకా రాయబారి కోర్ట్‌నీ రాట్రే దేశాల నుంచి రాతపూర్వకంగా వైఖరులు సేకరించి ఒక పత్రం తయారు చేశాడు, సెప్టెంబరులో 69/560 నిర్ణయంతో సభ దాన్ని ముందుకు తీసుకుంది. అమెరికా, రష్యా, చైనాలు తమ వైఖరిని అందులో చేర్చనివ్వలేదు. ఆ తర్వాత మళ్ళీ అది చర్చల పత్రంగా మారలేదు. ఏకాభిప్రాయం వస్తేనే పత్రం అని కొందరు, పత్రం ఉంటేనే ఏకాభిప్రాయం అని భారత్. నా దృష్టిలో పదేళ్ళుగా పని ఆగిందంటే ఆగింది ఇక్కడే.

2024 సెప్టెంబరు 22న ఆమోదించిన 'భవిష్యత్ ఒడంబడిక'లో ఆఫ్రికాకు జరిగిన చారిత్రక అన్యాయాన్ని ముందుగా సరిచేయాలనీ, దేశాలు ఇచ్చిన నమూనాలను కలిపి ఒకే ఉమ్మడి నమూనాగా మలచాలనీ రాశారు. ఇంత స్పష్టంగా దేశాధినేతల స్థాయిలో రాయడం మంచి సంగతే, గడువు మాత్రం పెట్టలేదు.

#20 బందరు వకీలు

సర్వప్రతినిధి సభలో ఓట్ల బలం ఎంత పనిచేస్తుందో 2017 అంతర్జాతీయ న్యాయస్థానం ఎన్నిక చూపించింది. అక్కడ వీటో లేదు, సభలోనూ మండలిలోనూ విడివిడిగా పూర్తి మెజారిటీ రావాలి. అప్పుడు ఐరాసలో మన శాశ్వత ప్రతినిధి హైదరాబాదుకు చెందిన సయ్యద్ అక్బరుద్దీన్. సభ మన అభ్యర్థి దల్వీర్ భండారీ వెనక, మండలి బ్రిటిష్ అభ్యర్థి వెనక నిలిచాయి. రౌండు తర్వాత రౌండు అదే ఫలితం. చివరికి నవంబరు 20న బ్రిటన్ తప్పుకుంది, ఆ న్యాయస్థానంలో తొలిసారి బ్రిటిష్ న్యాయమూర్తి లేకుండా పోయాడు. శాశ్వత సభ్యులకు సభ ఒత్తిడి తగలదన్న మాట నిజం కాదు. అయితే ఒక వ్యక్తి ఎన్నికకు వచ్చే ఒత్తిడి వేరు, తన అధికారాన్ని పంచుకోమనే సవరణకు వచ్చే ఒత్తిడి వేరు.

#21 గౌతమీతీరం

చివరిగా ఒక్కటి. రేపు పేపర్లో మళ్ళీ 'ఫలానా దేశం మద్దతు' అని వస్తుంది. అందులో అసలు సరుకు ఉందో లేదో ఎలా పట్టుకోవాలి?

#22 ఓరుగల్లు మాస్టారు

మాటలు చూడండి. 'శాశ్వత' అన్న మాట ఉందా? బ్రిక్స్ ప్రకటనల్లో చైనా సంతకం చేసే వాక్యం 2023 జొహన్నెస్‌బర్గ్‌లో కూడా ఇలాగే ఉంది: భారత్, బ్రెజిల్, దక్షిణాఫ్రికాలు ఐరాసలో, భద్రతా మండలితో సహా, ఇంకా పెద్ద పాత్ర పోషించాలన్న ఆకాంక్షకు మద్దతు. శాశ్వత స్థానం అన్న ముక్క అందులో లేదు. 'పెద్ద పాత్ర' అంటే మరో రెండేళ్ళ స్థానం కూడా అవుతుంది. తర్వాత, వీటో గురించి ఏమైనా అన్నారా, మౌనంగా ఉన్నారా? మూడోది, 'పాఠం ఆధారంగా చర్చలు', అంటే రాసిన ముసాయిదాను ముందు పెట్టుకుని చేసే చర్చలు, కావాలన్నారా? భారత్‌కు మద్దతంటూనే ఆ మాట దగ్గర తప్పుకునే దేశం మద్దతు ప్రస్తుతానికి కాగితం మీదే.

సంయుక్త ప్రకటన కన్నా విలువైన కాగితం ఒకటుంది. సర్వప్రతినిధి సభలో ముసాయిదా తీర్మానం దాఖలైతే దానికి 'ఎల్' అక్షరంతో సంఖ్య వస్తుంది, పైన సహ ప్రతిపాదక దేశాల పేర్లు ఉంటాయి. 2005లో జి-4 ముసాయిదాకు ఎల్.64, ఆఫ్రికాదానికి ఎల్.67, ఇటలీ కూటమిదానికి ఎల్.68 అని మూడు వేర్వేరు సంఖ్యలు. ఈసారి అలాంటిది వస్తే ముందు పేర్ల వరస చదవండి. జి-4 పేర్ల పక్కన సియెర్రా లియోన్, సెనెగల్, కెన్యా, నమీబియా, జాంబియా లాంటి పది దేశాల సంఘం పేర్లు కనిపిస్తే ఓటింగు దగ్గరపడినట్టు. అవి లేకుండా ఎన్ని యూరప్ పేర్లున్నా 129 లెక్క కుదరదు.

#23 చౌరస్తా

ఈ లెక్క పిల్లలకు పంపుతున్న మాస్టారూ. 54, 12, 127 — ఈ మూడు అంకెలు చాలు, జవాబు రాయొచ్చు.

#24 బందరు వకీలు

129 ఎలా వచ్చిందో కూడా రాయమనండి. చాలామంది 128 అని రాసేస్తారు. 193లో మూడింట రెండు వంతులు 128.67, అంటే 128 ఓట్లకు సవరణ ఓడిపోతుంది.